కౌంటర్ మారింది, కాలువ మారలేదు

మరణ ధ్రువపత్రం మూడు రోజుల్లో చేతికొచ్చింది. వీధి మలుపులో విరిగిన కాలువ పలక మాత్రం పద్నాలుగు నెలలుగా అలాగే ఉంది. రెండూ ఒకే పురపాలక సంఘం పనులు. మరి ఇంత తేడా ఎందుకు?

మా మామయ్యగారు పోయిన తొమ్మిదో రోజు పొద్దున్నే వార్డు సచివాలయానికి వెళ్లాను. చేతిలో శ్మశానంలో ఇచ్చిన రసీదు, ఆయన ఆధార్ నకలు, మావారి ఆధార్ నకలు. భుజాన సంచిలో మాత్రం ఇంకో డజను కాగితాలు: రేషన్ కార్డు, పింఛను పుస్తకం, ఇంటి పన్ను రసీదు, ఎందుకైనా మంచిదని ఆయన ఎస్సెస్సెల్సీ పుస్తకం కూడా. ఆఫీసుకు పని మీద వెళ్లేటప్పుడు ఆ సంచి లేకపోతే నా తరం వాళ్లకి కాళ్లు కదలవు.

కౌంటర్ దగ్గర కూర్చున్న అమ్మాయికి ఇరవై ఆరేళ్లు ఉంటాయేమో. సంచి విప్పబోతుంటే ఆపేసింది. "అవన్నీ అక్కర్లేదు ఆంటీ. తాతగారి పేరు ఆధార్‌లో ఎలా ఉందో అలాగే ఎక్కిస్తున్నా. ఒక్కసారి చూసుకోండి, తర్వాత మార్చాలంటే మీకే తిప్పట" అంటూ కంప్యూటర్ తెరను నా వైపు తిప్పింది.

ఆ తెర నా వైపు తిరగడం చిన్న సంగతి కాదు. 1998లో మా అమ్మాయి జనన ధ్రువపత్రం కోసం వేరే ఊళ్లో ఒక కార్యాలయానికి ఐదుసార్లు తిరిగాను. అక్కడి రిజిస్టరు ఒక్కసారైనా మా వైపు తిరగలేదు. నాలుగోసారి వెళ్లినప్పుడు టీ డబ్బులు ఇచ్చాం. ఐదోసారి కాగితం వచ్చింది, అందులో నా పేరులో ఒక అక్షరం తప్పు. ఆ ఒక్క అక్షరం మా అమ్మాయి పాస్‌పోర్టు దాకా వెంట వచ్చింది.

ఈసారి మూడో రోజుకే ఫోనుకు మెసేజ్ వచ్చింది. మరణించిన ఇరవై ఒక్క రోజుల్లోపు చెప్పాం కాబట్టి నమోదుకు ఆలస్య రుసుము లేదు. పేరు సరిగ్గా ఉంది, తేదీ సరిగ్గా ఉంది, తండ్రి పేరు సరిగ్గా ఉంది. పత్రం పట్టుకుని సంతోషంగా, అంటే అలాంటి రోజుల్లో ఉండగలిగినంత సంతోషంగా, ఇంటికొచ్చాను. మా వీధి మలుపులో ఎప్పటిలాగే చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని కాలువ దాటాను. అక్కడి పలక విరిగి పద్నాలుగు నెలలైంది. కర్మకాండకు వచ్చిన మా ఆడపడుచు అందులోనే కాలు బెణికించుకుంది.

ఒకే ఆఫీసు, ఒకే వార్డు, ఒకే పన్ను. కాగితం మూడు రోజుల్లో వస్తే పలక ఎందుకు రాదు? కొన్ని వారాలుగా ఇరుగుపొరుగు వాళ్లనీ, పని చేసేవాళ్లనీ, హైదరాబాద్‌లో ఉన్న మా చెల్లెలినీ ఇదే అడుగుతూ వచ్చాను. ఈ వ్యాసం ఆ అడగడంలోంచి వచ్చింది.

కాగితానికి డీజిల్ అక్కర్లేదు

కాగితం గెలిచిన కథ చాలామంది మరిచిపోయారు. 1999లో హైదరాబాద్‌లో ట్విన్స్ పేరుతో ఒక చిన్న ప్రయోగం జరిగింది. కరెంటు బిల్లు, నీటి బిల్లు, పన్ను ఒకే చోట కట్టేయొచ్చు. అదే 2001లో ఈ-సేవ అయింది. 2011లో మీసేవ వచ్చాక డిజిటల్ సంతకంతో పత్రం ముద్రించి ఇవ్వడం మొదలైంది. రాష్ట్రం విడిపోయాక రెండు రాష్ట్రాలూ తమ దారుల్లో ముందుకు పోయాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న సచివాలయాలు వచ్చాయి. గ్రామాల్లో, వార్డుల్లో కలిపి 15,004. 2025 జనవరి 30న వాట్సాప్‌లో 'మన మిత్ర' 161 సేవలతో మొదలైంది. తెలంగాణలో 75 గజాల లోపు స్థలంలో ఇల్లు కట్టుకునేవాళ్లకు అనుమతి అవసరమే లేదని 2019 పురపాలక చట్టం చెప్పింది. నమోదుకు ఒక్క రూపాయి.

ఇవి ఏ ప్రభుత్వం ఘనతో తేల్చుకోవడం పార్టీలవాళ్ల పని. నాకు కనిపించేది ఒకటే: పాతికేళ్లలో కౌంటర్ దగ్గర మనిషి గౌరవం పెరిగింది. పెరగలేదనేవాళ్లు పాత రోజుల్లో లైన్లో నిలబడి ఉండరు.

అన్నీ సజావుగా ఉన్నాయనీ అనను. సర్వర్ పడిపోతే ఆ పూట అంతే. రోకళ్లతో దంచి అరిగిపోయిన వేళ్లు యంత్రానికి దొరకవు. పక్కింటి మామ్మగారు తన వేలిముద్ర పడటం లేదని గ్లాసు నీళ్లలో వేళ్లు నానబెట్టుకుని మళ్లీ ప్రయత్నించడం నా కళ్లతో చూశాను. ఇంటిపేరు ముందా వెనకా అనే పేచీ మన తెలుగువాళ్లకు ఉన్నంతగా మరెవరికీ ఉండదనుకుంటా. పొడి అక్షరంతో ఒక చోట, పూర్తి ఇంటిపేరుతో ఒక చోట, వెనక రెడ్డో రావో శర్మో తగిలించి మరొక చోట. అందుకే ఆ అమ్మాయి తెర తిప్పి చూపించడాన్ని అంతగా తలుచుకుంటున్నాను.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. బిడ్డ పేరు లేకుండా జనన నమోదు చేయించి, బారసాల అయ్యాక ఎక్కిద్దాంలే అని వదిలేసేవాళ్లు చాలామంది. ఏడాదిలోపు పేరు ఉచితంగా చేర్చవచ్చు, ఆ తర్వాత రుసుముతో పదిహేనేళ్ల వరకు వీలుంటుంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టాన్ని 2023లో సవరించారు. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం దగ్గర్నుంచి ఓటు, డ్రైవింగ్ లైసెన్సు, పెళ్లి నమోదు, సర్కారు కొలువు దాకా పుట్టిన తేదీకీ స్థలానికీ ఈ పత్రమే రుజువు. ఒక్క అక్షరం తప్పు ఇప్పుడు ఇంకా ఎక్కువ దూరం వెంటపడుతుంది.

ఈ పత్రాల కోసం అమెరికా నుంచి ఫోన్లు వచ్చే ఇళ్లు ఊరూరా ఉన్నాయి. ఇంట్లో మంత్రసాని చేతిలో పుట్టి, ఎక్కడా నమోదు కాని వాళ్లు గ్రీన్‌కార్డు సమయానికి తాము పుట్టిన ఊరి మున్సిపాలిటీ నుంచి 'మా రిజిస్టర్లలో ఈ జననం లేదు' అనే పత్రం తెచ్చుకోవాలి. లేదని చెప్పడానికి కూడా ఒక పత్రం! మా పిన్ని కొడుకు దాన్ని టెక్సాస్ నుంచి దరఖాస్తు చేసి, ఇక్కడ మా మరిదిని పంపి తెప్పించుకున్నాడు. ఆ ఆఫీసులో 1968 నాటి రిజిస్టరు అట్ట ఊడి, గుడ్డ సంచిలో కట్టి ఉందట. ఉంది, అదే గొప్ప.

ఇంతకీ కాగితం ఎందుకు గెలిచింది? దానికి ఒక నంబరు ఉంటుంది, ఒక గడువు ఉంటుంది. గది దాటకుండానే పని అయిపోతుంది. డబ్బున్నవాడికీ లేనివాడికీ అదే పత్రం కావాలి కాబట్టి డబ్బున్నవాడూ గొడవ చేస్తాడు. అన్నిటికన్నా ముఖ్యం, కాగితానికి డీజిల్ అక్కర్లేదు, పార అక్కర్లేదు, కాలువలో దిగే మనిషి అక్కర్లేదు.

వాల్వు తిప్పే ఆయనకు తెలిసినది

మా వీధికి నీళ్లు తెల్లవారి ఐదున్నరకు వస్తాయి. గంటసేపు ఉంటాయి. వీధి చివర ఇనుప మూత ఎత్తి, పొడవాటి తాళంకర్రతో వాల్వు తిప్పే ఆయన ఇరవై రెండేళ్లుగా అదే పని చేస్తున్నాడు. ఔట్‌సోర్సింగ్ కింద. ఏ సందులో పైపు ఎంత లోతులో ఉందో, ఏ ఇంటి వాళ్లు కుళాయికే నేరుగా మోటారు బిగించారో, ఏ మలుపులో మంచినీటి గొట్టం మురుగు కాలువ అడుగునుంచి పోతుందో ఆయనకు తెలుసు. మున్సిపల్ ఆఫీసులోని పటంలో అందులో సగం లేదు. ఆయన మానేసిన రోజున ఆ సగం ఎవరికీ తెలియదు.

"నీళ్లు వచ్చేటప్పుడు భయం లేదమ్మా, ఆగిపోయాకే భయం" అన్నాడు ఒకరోజు. మొదట నాకు అర్థం కాలేదు. గొట్టంలో నీరు ఒత్తిడితో పారుతున్నంతసేపు పగులు ఉంటే నీళ్లు బయటికి కారతాయి. సరఫరా ఆపేశాక గొట్టం ఖాళీ అవుతుంది. అప్పుడు అదే పగులులోంచి బయటి మురుగును లోపలికి లాక్కుంటుంది. మర్నాడు పొద్దున మొదటి బిందెలో పడేది అదే. దీనికితోడు మోటార్లు బిగించినవాళ్లు ఇంకా లాగుతారు. మొదటి రెండు బిందెలూ పారబోయాలని మా అత్తగారు అనేవారు. చాదస్తం అనుకునేదాన్ని.

2018 మార్చిలో గుంటూరు పాత పట్నంలో కలుషిత నీటి వల్ల డయేరియా ప్రబలి ప్రాణాలు పోయాయి. పల్లెల్లో కాదు, నగరపాలక సంస్థ ఉన్న నగరంలో. మన పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలని కొలమానం ఉంది. ఎన్ని లీటర్లు ఇచ్చామనే లెక్క అందరూ చెబుతారు, ఎన్ని గంటలు ఇచ్చామనే లెక్క ఎవరూ చెప్పరు. అసలు కిటుకు ఆ గంటల్లోనే ఉంది.

జగన్నాథుడి దర్శనానికి పూరీ వెళ్లివచ్చిన మన యాత్రికులను అడగండి. 2021 జులై నుంచి ఆ ఊళ్లో ఇరవై నాలుగు గంటలూ కుళాయి నీళ్లు వస్తున్నాయి, నేరుగా తాగొచ్చు. మనకన్నా ధనికమైన రాష్ట్రమేమీ కాదు ఒడిశా. అక్కడ 'జలసాథి' పేరుతో స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లు ఇంటింటికీ తిరిగి మీటరు చూస్తారు, నీటిని పరీక్షిస్తారు, బిల్లు వసూలు చేస్తారు. వీధికి ఒక ముఖం ఉంది. నీళ్లు రంగు మారితే ఎవరిని నిలదీయాలో ఇల్లాలికి తెలుసు. డ్వాక్రా సంఘాలకు దేశంలోనే పేరు తెచ్చిన మనం ఈ పని ఎందుకు చేయలేదన్నది నాకు ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది.

హైదరాబాద్‌లో మా చెల్లెలు ఉన్న కాలనీకి రోజు విడిచి రోజు నీళ్లు. ఇంటికి నెలకు ఇరవై వేల లీటర్లు ఉచితం అనే పథకం 2021 జనవరి నుంచి ఉంది. "ఉచితం సరే అక్కా, ఎండాకాలంలో ఆ ఇరవై వేలు ఎక్కడున్నాయో చెప్పమను, వెళ్లి తెచ్చుకుంటాం" అంటుంది. ఏప్రిల్ నుంచి వాళ్ల అపార్ట్‌మెంటు ట్యాంకర్ మీద బతుకుతుంది. 1908 మూసీ వరద తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టించుకున్న నగరం అది. ఇప్పుడు కృష్ణ నుంచీ గోదావరి నుంచీ నీళ్లు తోడుకుంటోంది.

చెత్త బండి పాట

పొద్దున ఏడింటికి పాటతో బండి వస్తుంది. తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు అని ఆ పాటే చెబుతుంది. మేం వేరు చేసి ఇస్తాం. బండిలో రెండూ ఒకే గుట్టలో పడతాయి. అడిగితే ఆ కుర్రాడు నవ్వుతాడు. "డంపింగ్ యార్డులో ఎలాగూ కలిసిపోతాయి మేడమ్."

సూర్యాపేటలో కలవనివ్వలేదు. 2003 ప్రాంతంలో అక్కడ కమిషనర్‌గా వచ్చిన ఖాదర్ సాహెబ్ వీధుల్లో చెత్త కుండీలే తీసేయించారు. కుండీ ఉంటేనే కదా దాని చుట్టూ గుట్ట. ఇంటింటికీ ట్రాక్టర్లు పంపి తడి, పొడి వేరుగా తీసుకున్నారు. తడిది వానపాముల ఎరువు, పొడిది అమ్మకం. ఆ మధ్యతరహా పట్టణాన్ని చూడటానికి ఇతర రాష్ట్రాల వాళ్లూ విదేశీయులూ వచ్చారు. దీనికి ఉపగ్రహం అక్కర్లేకపోయింది, యాప్ అక్కర్లేకపోయింది. అప్పటికి స్మార్ట్ ఫోన్లు మన చేతుల్లోకి రాలేదు. తెల్లవారుజామున వీధుల్లో తిరిగే ఒక అధికారి, ఆయన్ని చూసి లేచిన సిబ్బంది.

ఈ కథ చెప్పుకోవడం నాకు ఇష్టమే, కానీ భయం కూడా. మంచి కమిషనర్ వస్తే ఊరు బాగుపడుతుంది అంటే, ఆయన బదిలీ కాగితం వచ్చిన రోజున ఊరి గతి ఏమిటి?

ఆంధ్రప్రదేశ్‌లో 2021లో చెత్త సేకరణకు ఇంటింటా నెలనెలా రుసుము పెట్టారు. జనం దాన్ని 'చెత్త పన్ను' అన్నారు. పేరు అలా పడ్డాక ఇక దానికి ఆయుష్షు లేదు. 2024లో కొత్త ప్రభుత్వం ఎత్తేసింది. మా వీధిలో అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. కాకపోతే ఒకటి గమనించాను. డబ్బు కట్టిన రోజుల్లో బండి రాకపోతే సచివాలయానికి వెళ్లి కేకలేసేవాళ్లం. ఇప్పుడు రాకపోతే సణుక్కుని ఊరుకుంటున్నాం.

ఆ బండి మీద పనిచేసేవాళ్లను మాత్రం మనం వాళ్లు రానప్పుడే చూస్తాం. 2023 డిసెంబరు చివర్లో మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగితే సంక్రాంతి ముందు దాకా సాగింది. నాలుగో రోజుకే మా వీధి మలుపు ముక్కు మూసుకునేలా తయారైంది. అప్పుడు అందరం వాళ్ల జీతమెంతో అడిగి తెలుసుకున్నాం. సమ్మె అయిపోయాక మళ్లీ మరిచిపోయాం.

తట్టడానికి ఒక తలుపు

వీరేశలింగం తన 'వివేకవర్ధని' పత్రికలో రాజమండ్రి అధికారుల లంచాల గుట్టు రట్టు చేసిన నూట యాభై ఏళ్ల కిందటే మున్సిపాలిటీ అంటే తెలుగువాళ్లకు రచ్చ. తర్వాత అదే ఊళ్లో టంగుటూరి ప్రకాశం మున్సిపల్ ఛైర్మన్ అయ్యారు. ముఖ్యమంత్రి కావడానికి ముందు, ఉప్పు సత్యాగ్రహానికి ముందు, ఆయన చూసిన రాజకీయం ఊరి వీధుల రాజకీయం. ఒకప్పుడు నాయకులు అక్కడ తయారయ్యేవాళ్లు.

1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ మున్సిపాలిటీలకు ఐదేళ్లకోసారి ఎన్నికలు జరగాలంది, పద్దెనిమిది పనులు వాటికి అప్పగించవచ్చంది. ఆచరణ ఏమిటి? విశాఖపట్నంలో పాలకవర్గం గడువు 2012లో ముగిసింది. తర్వాతి ఎన్నికలు 2021 మార్చిలో. గుంటూరులో 2010 నుంచి 2021 దాకా కార్పొరేటర్ అనేవాడే లేడు. అంటే ఆ ఊళ్లో పుట్టిన పిల్ల ఐదో తరగతి దాటేదాకా వార్డు సభ్యుడి మొహం చూడలేదు. నడిపింది ప్రత్యేకాధికారులు.

కార్పొరేటర్ ఉంటే స్వర్గమా అని అడుగుతారు. కాదు. ఇల్లు కట్టుకునేవాడి దగ్గరికి ముందు వచ్చేది ఎవరో అందరికీ తెలుసు. అయినా అర్ధరాత్రి కాలువ పొంగి వంటింట్లోకి వచ్చినప్పుడు తట్టడానికి వీధిలో ఒక తలుపు ఉండాలి. తలుపు తీసేవాడు మంచివాడా కాడా అన్నది ఐదేళ్లకోసారి తేల్చుకోవచ్చు. అసలు తలుపే లేకపోతే?

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మా బంధువులు రెండో అంతస్తులో చిక్కుకున్నారు. నీరు తీశాక ఫైరింజన్లు వీధి వీధికీ వచ్చి బురద కడిగాయి. ఎక్కడెక్కడి మున్సిపాలిటీల నుంచో పారిశుద్ధ్య కార్మికులు వచ్చి వారాల తరబడి పనిచేశారు. ఆ నెలలో వాళ్లను మెచ్చుకోని ఇల్లు లేదు. తలచుకుంటే చేయగలరు, అందులో సందేహం లేదు. మామూలు రోజుల్లో తలచుకునేలా చేసేది ఏమిటన్నదే ప్రశ్న.

రసీదులో ఒక వరుస

ఇక్కడ చిన్న పక్కదారి. మీ ఇంటి పన్ను వివరాలు ఒకసారి తీసి చూడండి. అందులో 'గ్రంథాలయ సెస్సు' అని ఒక వరుస ఉంటుంది. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం పెట్టిన ఏర్పాటు. మున్సిపాలిటీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. మన దగ్గర ముక్కు పిండి వసూలు చేస్తుంది, అవతల జమ చేయడంలో మాత్రం బకాయిలే. ఈ బకాయిల వార్త ఏటా ఏదో ఒక జిల్లా పేజీలో కనిపిస్తుంది.

మా శాఖా గ్రంథాలయంలో ఇప్పుడు కథల పుస్తకాలు తీసేవాళ్లు తక్కువ. గ్రూప్స్, కానిస్టేబుల్, డీఎస్సీ పరీక్షలకు చదివే పిల్లలు పొద్దున ఎనిమిదికే బయట బారులు తీరతారు. హైదరాబాద్ చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలోనూ ఇదే దృశ్యం, వంద రెట్లు పెద్దగా. మా ఊరి పిల్లలు కూర్చోవడానికి దిండు, నీళ్ల సీసా, టిఫిన్ డబ్బా తెచ్చుకుంటారు. మధ్యాహ్నం అన్న క్యాంటీన్‌లో ఐదు రూపాయల భోజనం. నా లెక్కలో ఈ ఊరికి ప్రభుత్వం చేస్తున్న మేలైన పనుల్లో ఆ రెండు చోట్లూ ముందుంటాయి. ఆ గ్రంథాలయంలో ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ లేదు. ఒకరు లోపలికెళ్తే ఇంకొకరు బయట కాపలా.

పార్కు గురించి రాయడానికేమీ లేదు. తాళం వేసి ఉంది.

"క్లోజ్ చేయకపోతే మెమో వస్తుంది ఆంటీ"

మళ్లీ మా పలక దగ్గరికి వద్దాం.

విరిగిన వారానికే ఫిర్యాదుల యాప్‌లో ఫొటో పెట్టాను. నంబరు వచ్చింది. నాలుగో రోజున 'పరిష్కరించబడింది' అని ఆకుపచ్చ రంగులో మెసేజ్. వెళ్లి చూస్తే పలక చుట్టూ ఎవరో సున్నం చల్లారు. మళ్లీ ఫిర్యాదు చేశాను. ఈసారి ఒక ఎర్ర గుడ్డ కట్టిన కర్ర పాతారు. మళ్లీ 'పరిష్కరించబడింది'. మూడోసారి ఏ పనీ జరగలేదు, రంగు మాత్రం మారింది.

మరణ ధ్రువపత్రం తీసుకున్న రోజునే, పక్క బల్ల దగ్గర కూర్చున్న పారిశుద్ధ్య కార్యదర్శి అమ్మాయిని అడిగాను. ఇంజినీరింగ్ చదివిన పిల్ల. ముందు తడబడింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. "పూడిక తీయించడం మా పని ఆంటీ. పలక వేయించేది ఇంజినీరింగ్ వాళ్లు. వాళ్లకి ఎస్టిమేట్ వేయాలి, టెండరు పిలవాలి. పాత బిల్లులు రాలేదని కాంట్రాక్టర్లు ముందుకు రావట్లేదు. ఫిర్యాదు మాత్రం నా లాగిన్‌లోకి వస్తుంది. గడువులోపల క్లోజ్ చేయకపోతే నాకు మెమో వస్తుంది. జేసీబీని పిలిచే అధికారం నాకు లేదు, క్లోజ్ చేసే బటన్ ఒక్కటే ఉంది."

నాకు కోపం రావాల్సింది. రాలేదు. ఆ నెలలో ఆమె చేసిన సర్వేలు ఎన్నో వేళ్లు మడిచి లెక్కపెట్టింది, ఒక చేతి వేళ్లు చాల్లేదు.

కౌంటర్‌కు పనికొచ్చిన సూత్రాన్నే తీసుకెళ్లి కాలువకు అంటించారు. నంబరు, గడువు, ఆకుపచ్చ రంగు. కాగితం విషయంలో తెర మీద పూర్తయితే పని పూర్తయినట్టే. కాలువ విషయంలో తెర మీద పూర్తయినా కాలువ కాలువగానే ఉంటుంది. పరిష్కారమైందో లేదో చెప్పాల్సింది ఫిర్యాదు చేసినవాళ్లు, బటన్ ఉన్నది మెమో భయం ఉన్నవాళ్ల దగ్గర. ఆ బటన్ మా చేతికి ఇవ్వండి, అంటే నేను ఒప్పుకుంటేనే ఫిర్యాదు మూయండి అనేది నా డిమాండ్. ఒక్క రూపాయి ఖర్చు లేని పని.

ఇంకో సంగతి దాచకూడదు. ఆ అమ్మాయి చివర్లో, కాస్త మొహమాటపడుతూ, "మీ వీధిలో కాలువ మీద ర్యాంపులు ఉన్నాయి కదా ఆంటీ" అంది. ఉన్నాయి. పదకొండు ఇళ్లకు ఉన్నాయి, కారు ఎక్కడానికి, స్కూటర్ ఎక్కడానికి. సిమెంటుతో గట్టిగా పోసేశాం, కింద పార దూరదు. పూడిక తీసేవాళ్లు ర్యాంపు దాకా తీసి, ర్యాంపు దాటి మళ్లీ మొదలుపెడతారు. మధ్యలోది అలాగే ఉంటుంది, వానొస్తే అక్కడే పొంగుతుంది, ఆ పోటుకే మలుపులో పలక లేచి విరిగింది. మూడో ర్యాంపు మాది. 2016లో మావారు కారు కొన్నప్పుడు మేమే వేయించాం. ఎవరి అనుమతీ అడగలేదు, ఎవరూ వద్దనలేదు.

పోయిన వారం మేస్త్రిని పిలిచి దాన్ని పగలగొట్టించి, ఎత్తి పెట్టుకునే ఇనుప జాలీ వేయించాం. ఖర్చు మా వీధి వాళ్లకు చెప్పాను. ఇద్దరు చూద్దామన్నారు, మిగతావాళ్లు ముందు మున్సిపాలిటీ వాళ్లను పలక వేయమనండి అన్నారు. వాళ్లన్నదీ తప్పు కాదు.

సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు కూడా రాసి పెట్టుకున్నాను. మా వార్డులో గడిచిన ఏడాది ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని మూశారు, మూసినవాటిలో ఎన్ని తిరిగి తెరుచుకున్నాయి, గ్రంథాలయ సెస్సు ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు. రుసుము పది రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి.

 సోమవారం రెండు రాష్ట్రాల్లోనూ కలెక్టరేట్లలో అర్జీలు తీసుకునే రోజు. తెలంగాణలో ప్రజావాణి అంటారు, ఆంధ్రలో ఎన్ని పేర్లు మారినా జనం మాత్రం గ్రీవెన్స్ అనే అంటారు. మీ వీధిలోనూ ఆకుపచ్చ రంగులో మూసేసిన ఫిర్యాదు ఒకటి ఉండే ఉంటుంది. పాత నంబరు, తాజాగా తీసిన ఫొటో పట్టుకుని వెళ్లండి. అర్జీ ఇచ్చాక రసీదు అడిగి తీసుకోండి.